వెనక్కి నడిచిన కుర్రాడు

పోయిన నెల మా ఆయనకు రక్తపరీక్ష చేయించడానికి పలాస ఆసుపత్రికి వెళ్ళాం. కిడ్నీల జబ్బు పట్టి పీడిస్తున్న ఉద్దానంలో పుట్టినవాళ్ళకు ఈ ప్రయాణం కొత్తేమీ కాదు, మా ఇళ్ళలో పిల్లల మార్కులు ఎంతొచ్చాయో తెలియని ఆడవాళ్ళున్నారు గానీ ఇంటాయన క్రియాటినిన్ ఎంతో తెలియని ఆడమనిషి లేదు. పరీక్ష అయ్యాక ఆటోలో కాశీబుగ్గ మీదుగా తిరిగి వస్తుంటే, ఒకప్పుడు సినిమా హాలు ఉండిన చోట పెద్ద అద్దాల కొట్టు కనిపించింది, లోపల సోఫాలూ మంచాలూ వరసగా పేర్చి ఉన్నాయి. సూది పొడిచిన చెయ్యి మడుచుకుని కూర్చున్న మా ఆయన తల బయటపెట్టి చూసి, "ఒలే, మనం నేల టిక్కెట్టు కొని కూకున్నకాడ ఇప్పుడు సోఫాలమ్ముతన్నారు సూడు" అన్నాడు. ఆయనంతే, ఏ బాధలో ఉన్నా ఒక వేళాకోళం ఆడకపోతే తిన్నది అరగదు. నేనూ నవ్వాను. ఆ హాలు తలుచుకుంటే నాకు గుర్తొచ్చేది అక్కడ చూసిన సినిమాలన్నీ కాదు, ఒకే ఒక్క సినిమా, అందులో ఇలా వచ్చి అలా మాయమైపోయే ఒక కుర్రాడి వీపు.

నా ఈడువాళ్ళకు ఆ రోజుల కాశీబుగ్గ గుర్తుండే ఉంటుంది. బస్సు దిగగానే జీడిపిక్కలు కాల్చే పొగ ముక్కుకు తగిలేది, ఆ పొగకు కొత్తవాళ్ళు దగ్గుతుంటే మేము మాత్రం ఊళ్ళోకి వచ్చేశామని సర్దుకుని కూర్చునేవాళ్ళం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నాకు ఇరవై ఏళ్ళప్పుడు, అక్కుపల్లి నుంచి వచ్చి కాశీబుగ్గలో మా మేనమామ ఇంట్లో ఉంటూ జీడి ఫ్యాక్టరీలో పనికి వెళ్ళేదాన్ని. కాల్చిన పిక్కలు కొట్టి పప్పు తీసేవాళ్ళు ఒక వరస, ఆ పప్పు మీది పొట్టు ఒలిచేవాళ్ళు ఇంకో వరస. నాది మొదటి వరస. పిక్కలోంచి చిమ్మే జీడి నూనె తగిలితే చర్మం కాలి పొరలు పొరలుగా ఊడిపోతుంది, అందుకని ముందుగానే బూడిదో ఆముదమో పులుముకుని కూర్చునేవాళ్ళం, అయినా వేళ్ళు నల్లబడకుండా ఆపగలిగిన పిల్లను నేను చూడలేదు. ఎవరికైనా పెళ్ళిచూపులు కుదిరితే మేస్త్రీ తనంతట తనే ఆ పిల్లను పిక్కలు కొట్టే వరసలోంచి తీసి పొట్టు ఒలిచే వరసలో కూర్చోబెట్టేవాడు, చేతులకు కొత్త చర్మం రావాలి కదా. అలా ఎవరైనా వరస మారితే చాలు, షెడ్డు షెడ్డంతా ఆ పిల్లను ఏడిపించి చంపేది.

మా మేనమామ కొడుకు, అంటే ఇప్పుడు ఆటోలో వేళాకోళమాడిన మా ఆయనే, అప్పట్లో నాకు వట్టి బావ. ఆ హాల్లో పనిచేసేవాడు. గోడలకు పోస్టర్లు అంటించడం, ఆట వేళకు గేటు దగ్గర టిక్కెట్లు చింపడం, సినిమా మారినప్పుడు రీళ్ళ పెట్టెలు పలాస స్టేషనుకు మోసుకెళ్ళి రైలెక్కించడం, అన్నీ ఆయన పనులే. ఫలానా సినిమా బాగుందని ఆయన చెబితే మేము నమ్మేవాళ్ళం కాదు, ఎందుకంటే ఆయనకు బాగుండని సినిమా లేదు.

ఆ వేసవిలో వచ్చిన ఆ సినిమా పేరు చెప్పను, చెప్పినా మీకు గుర్తుకు రాదు. తమిళం నుంచి తెలుగు చేసిన చిన్న సినిమా, పేరున్న నటులు ఒక్కరూ లేరు, ఏదో పెద్ద సినిమా రావడం ఆలస్యమైతే సందు పూడ్చడానికి తెచ్చి వేశారు. మద్రాసు రేవు పక్కన ఒక పేట, అందులో పదహారు పదిహేడేళ్ళ పిల్లలు నలుగురు. ఒకడు ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోస్తాడు, ఒకడు లారీల మెకానిక్కు దగ్గర తిట్లు తింటుంటాడు, ఒకడు బడికని బయలుదేరి రేవులో తిరుగుతుంటాడు, నాలుగో మనిషి ఆడపిల్ల, రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పని. కథంటూ పెద్దగా ఏమీ లేదు. పోట్లాడుకుంటారు, కలిసిపోతారు, జీతాలొచ్చిన రోజు నలుగురూ ఒకే పొట్లం చుట్టూ కూర్చుని బిరియానీ తింటారు, ఒకరి మీద ఒకరికి కలిగిన ఇష్టం చెప్పుకోవడం చేతకాక తిట్టుకుంటారు, చివరికి ఐసు ఫ్యాక్టరీ మూతపడి తలో దారి పడతారు. బస్సెక్కుతున్న స్నేహితుడిని మిగిలిన ముగ్గురూ చెయ్యి కూడా ఊపకుండా చూస్తూ నిలబడతారు, అంతటితో అయిపోతుంది. సినిమాలో పెద్దవాళ్ళయిపోవడమంటే ఒక పాట నడుస్తుండగా సైకిలు చక్రం తిరగడమే అనుకునే రోజులవి, పెద్దవాళ్ళు కావడం ఇంత నిదానంగా, ఇంత బాధగా జరుగుతుందని ఎవరూ అంతకు ముందు మాకు చూపించలేదు.

సెలవు రోజున ఫ్యాక్టరీ పిల్లలం గుంపుగా వెళ్ళాం. పాటలు లేవని మొదట విసుక్కున్నాం, వెనక బెంచీ పిల్ల టిక్కెట్టు డబ్బులు బావ దగ్గర వసూలు చేయాలని కూడా అంది. అంతలో ఒక చోట, బడిపిల్లవాడు పలకరించేసరికి ఆ రొయ్యల పిల్ల గబుక్కున రెండు చేతులూ ఓణీ కింద దాచేసుకుంది. మాలో ఒక్కరం కూడా నవ్వలేదు. చీకట్లో పక్క పిల్ల తన చేతులు చెంగు కింద కప్పుకోవడం నాకు తెలిసింది, అప్పటికే నేనూ ఆ పని చేసి ఉన్నాను. అంతవరకూ సినిమాల్లో పేదపిల్లంటే చిరిగిన లంగా, తెల్లటి చేతులు. మా చేతుల్లాంటి చేతులు కూడా తెర మీదికి వస్తాయని, వాటిని అంత ఇష్టంగా చూపించేవాళ్ళు ఎక్కడో ఉన్నారని నాకు ఆ రోజే తెలిసింది, ఎందుకో చెప్పలేను గానీ ఏడ్చేశాను. ఆ పిల్లను చూడడంలో మునిగిపోయి ఆమె వెనకాల రేవులో ఏం జరుగుతోందో నేను గమనించలేదు. గమనించినవాడు బావ. గేటు వేశాక ఆయనకు వేరే పని ఉండదు, ప్రతి ఆటా లోపల నిలబడి చూసేవాడు.

ఇక్కడ మా తమ్ముడి సంగతి చెప్పాలి. నాకంటే రెండేళ్ళు చిన్నవాడు. నాన్నది సముద్రం మీద వేట, తమ్ముడిని కూడా చిన్నప్పుడే ఒడ్డున పెద్దవల తాడు పట్టించాడు. పదహారేళ్ళు వచ్చేసరికి వాడికి మా తెప్ప మీద మనసు విరిగిపోయి, మద్రాసులో పెద్ద మరబోట్ల మీదికి పోతానన్నాడు. నాన్న వద్దన్నాడు. మాటామాటా పెరిగి నాన్న తెడ్డు ఎత్తాడు, కొట్టలేదు, ఎత్తాడంతే. మర్నాడు వాడు ఊరి కుర్రాళ్ళతో కలిసి రైలెక్కేశాడు. మొదట్లో వచ్చిపోయేవాళ్ళ చేత క్షేమంగా ఉన్నానని కబుర్లు పంపేవాడు, తరువాత ఆ బోటు మానేసి ఇంకో బోటుకు మారాడని, అదెక్కడిదో తెలియదని చెప్పారు, ఆ పైన ఏ కబురూ లేదు. ఊరికొక ఫోను ఉండే రోజులు, చేద్దామన్నా ఏ నంబరుకు చేస్తాం? ఏడాది గడిచింది, రెండో ఏడు కూడా సగానికొచ్చింది. వాడి కోసం ఎదురుచూడాలో, ఏడ్చి ఊరుకోవాలో అమ్మకు తెలియలేదు. వాడు తిరిగి రావాలని కూడా ఆవిడ అడగడం మానేసింది, ఎక్కడో ఒక చోట ఊపిరితో ఉన్నాడన్న ఒక్క ముక్క ఎవరైనా చెబితే చాలనేది. నాన్న ముందు వాడి పేరెత్తితే లేచి ఒడ్డుకు వెళ్ళిపోయేవాడు.

ఒక రోజు మ్యాట్నీ నడుస్తుండగానే బావ మా ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చేశాడు. ఆయన మొహంలో వేళాకోళం తప్ప ఇంకోటి చూడని నాకు ఆ మొహం చూస్తే భయమేసింది. "మీ తమ్ముడు సినిమాల ఉన్నాడే" అన్నాడు. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. "మాయమ్మ తోడు. మళ్ళా మళ్ళా సూసినాను. బోటు తాడు లాగతన్నాడు, ఎనక్కి నడిసి లాగతన్నాడు" అన్నాడు. ఆ చివరి మాటతో నేను తిట్టడం ఆపేశాను.

మా ఒడ్డు తెలియనివాళ్ళకు ఇది విడమరిచి చెప్పాలి. మా దగ్గర పెద్దవల లాగేటప్పుడు మగవాళ్ళు తాడును నడుము వెనక నుంచి చుట్టి ఆనించుకుని, సముద్రం వైపు ముఖం పెట్టి, మడమలు ఇసకలో దిగేలా వెనక్కి వెనక్కి అడుగులేస్తారు. తాడు చేత పట్టాక గంగమ్మకు వీపు చూపించకూడదని మా పెద్దల మాట, అది పిల్లలకు నడకతో పాటే నేర్పిస్తారు. సినిమాలో ఒక చోట పాడైపోయిన బోటును రేవు ఒడ్డుకు లాగుతుంటారు, ఆ నలుగురు పిల్లలూ పక్కన గోడ మీద కూర్చుని ఏదో మాట్లాడుకుంటుంటారు. తాడు పట్టినవాళ్ళందరూ దాన్ని భుజాన వేసుకుని, ముందుకు వంగి, మన వైపే నడిచి వస్తారు గనుక అందరి ముఖాలూ కనిపిస్తాయి. చివర ఒక్క కుర్రాడు మాత్రం తాడును నడుముకు ఆనించి, బోటు వైపు తిరిగి, వెనక్కి నడుస్తుంటాడు. సన్నటి మనిషి, తలకు తువ్వాలు. వాడిది వీపే తప్ప ముఖం కనిపించదు, అంతలోనే బొమ్మ మారిపోతుంది.

ఆ సాయంత్రమే ఇద్దరం బస్సెక్కి అక్కుపల్లి వెళ్ళాం. వేట నిషేధం రోజులు కావడంతో నాన్న వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు, అమ్మ బియ్యం చెరుగుతోంది. బావ చెప్పినదంతా విని అమ్మ కేకలు పెడుతుందనుకున్నాను, పెట్టలేదు. చేట పక్కన పెట్టి, చేతులు చీరకు తుడుచుకుని, "తిండి తింటన్నట్టే ఉన్నాడేటి నాయనా? ఈపు మీద ఎముకలేవన్నా అగపడతన్నాయేటి?" అని అడిగింది. "నేదత్తా, బాగానే ఉన్నాడు" అన్నాడు బావ. నాన్న మాత్రం తలెత్తకుండా, "ఈపు సూసి కొడుకనీసుకుంటే లోకంల అందరూ కొడుకులే" అని, చేతిలో వల అక్కడే వదిలేసి ఒడ్డు వైపు వెళ్ళిపోయాడు.

మర్నాడు మా వీధిలో సగం మంది ఒక ట్రక్కు ఆటో మాట్లాడుకుని కాశీబుగ్గ వచ్చారు. వీధిలో వీడియో డెక్కు అద్దెకు తెచ్చి వేసిన సినిమాలు చూడడమే గానీ అమ్మ హాలుకు రావడం అదే మొదలు. దీపాలు ఆర్పగానే నా మోచెయ్యి పట్టుకుంది, సినిమా మొదలయ్యాక ఎవరు కనబడినా "ఈడేనా, ఈడేనా" అని అడుగుతూనే ఉంది. ఆ చోటు వచ్చింది. బోటు, తాడు, చివర ఆ కుర్రాడు. అమ్మ "అద్దో, నా కొడుకు!" అని లేచి నిలబడిపోయింది. సరిగ్గా అప్పుడే ముందు వరసలోంచి ఇంకొక ఆడమనిషి, "ఒలమ్మో, నా కొడుకే!" అంటూ లేచింది. వెనక నుంచి కూర్చోమని కేకలు, కుర్రకారు ఈలలు. ఆ వెలుతురులో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఆ చూపు నాకు ఈ రోజుకీ కళ్ళకు కట్టినట్టు ఉంది. ఒకే బిడ్డ కోసం ఇద్దరు తల్లులు లేస్తే హాల్లో జనానికి నవ్వులాటే, మాకు మాత్రం కాదు.

విరామంలో సోడా బండి దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. ఆవిడది వజ్రపుకొత్తూరు అవతల ఇంకో పల్లె, ఆవిడ కొడుకూ మద్రాసు బోట్ల మీదికి వెళ్ళి కబురు లేకుండా పోయినవాడే, వయసు కూడా మా తమ్ముడి వయసే. మావాడి నడుము అలాగే ఉంటుందని ఒకరు, మావాడు తువ్వాలు అలాగే చుడతాడని ఒకరు, మన ఒడ్డున తువ్వాలు వేరేగా చుట్టినవాడెవడో చూపించమని మళ్ళీ మొదటివాళ్ళు. మాటలు గట్టిపడి, రెండు ఊళ్ళ ఆడవాళ్ళూ కొంగులు బిగించే దాకా వచ్చింది. మధ్యలో నిలబడ్డ బావ చేతులెత్తి దండం పెట్టి, "ఒలమ్మలారా, నాను టిక్కెట్లు సింపినోణ్ణి, జడ్జీని కాను. రేపు మార్నింగు షోకి మీ ఇద్దరూ పక్కపక్కన కూకోండి, సూసుకుని తేల్సుకోండి" అన్నాడు.

అలాగే కూర్చున్నారు. అమ్మకు ఒక పక్క నేను, ఇంకో పక్క ఆవిడ. ఇద్దరూ రాత్రంతా నిద్రపోలేదని మొహాలు చూస్తేనే తెలుస్తోంది. ఈసారి ఆ చోటు వచ్చినప్పుడు ఎవరూ లేవలేదు. వాడు మడమలు దించి వెనక్కి వెనక్కి వచ్చాడు, మాయమయ్యాడు. అమ్మ చెయ్యి ఆవిడ చేతిని ఎప్పుడు వెతుక్కుందో నాకు తెలియదు, చూసేసరికి రెండూ కలిసి ఉన్నాయి. సినిమా అయ్యాక మెట్ల మీద కూర్చుని ఆవిడ, "ఎవులి కొడుకైతే ఏటప్పా, ఒకడైతే బతికున్నాడు" అంది. అమ్మ ఆవిడ చెయ్యి వదలకుండానే, "ఎవులోడు ముందొచ్చినా వాణ్ణి అడగాల సెల్లీ. ఆ తాడు లాగినోడివి నువ్వేనేటని అడిగి, రెండోవోళ్ళకి కబురు సెప్పాల" అంది. ఆవిడ సరేనంది. ఆ రోజు నుంచి వాళ్ళు అప్పాచెల్లెళ్ళయ్యారు, నాకు ఆవిడ పిన్ని అయ్యింది.

ఆ సినిమా ఆడిన చివరి రోజున ఫస్ట్ షోకి బావ గేటు దగ్గర టిక్కెట్లు చింపుతుంటే, నెత్తి మీంచి తువ్వాలు మొహం మీదికి లాగేసుకున్న ఒక మనిషి టిక్కెట్టు అందించాడట. నాన్న. బావ పలకరించలేదు, చూడనట్టే టిక్కెట్టు చింపి చేతిలో పెట్టాడు. బోటు లాగే చోటు అయిపోగానే నాన్న లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు వల ముడులు వేసుకుంటూ, ఎవరితోనూ అన్నట్టు కాకుండా, "తాడు బాగానే పట్టినాడు" అన్నాడు. అమ్మ విని లోపలికి వెళ్ళి కరువుతీరా ఏడ్చింది, అది దుఃఖం కాదు.

ఆ సాయంత్రమే ఇంకో వింత జరిగింది. సినిమా వెళ్ళిపోతోందని తెలిసి అమ్మా పిన్నీ చెరొక మూటా పట్టుకుని హాలు వెనక్కి వచ్చారు. ఎండబెట్టిన నెత్తళ్ళు, నా చేత ఫ్యాక్టరీలో కొనిపించిన జీడిపప్పు బద్దలు, కొబ్బరి లౌజు. రీళ్ళ పెట్టెలతో పాటు అవి కూడా ఆ కుర్రాడికి పంపమని. అమ్మా, ఈ పెట్టెలు మద్రాసు పోవు, ముందు సోంపేట పోతాయి, తరువాత ఇంకో ఊరు, ఆ తరువాత విశాఖపట్నం అని బావ ఎంత నచ్చజెప్పినా వాళ్ళ చెవికెక్కలేదు. "తిరగనీ నాయనా, ఎన్నూళ్ళు తిరిగినా ఎప్పుడో ఓనాడు తీసినోళ్ళ ఇంటికే కదా సేరతాది. ఎండు సేపకి ఏటైపోద్ది?" అంది అమ్మ. ఎన్ని ఊళ్ళలో కాపురం చేసినా ఆడపిల్ల ఎప్పుడో ఒకనాడు పుట్టింటికి చేరినట్టు సినిమా కూడా పుట్టిన చోటికి చేరుతుందని వాళ్ళ నమ్మకం. బావ రెండు మూటలూ పెట్టెలకు గట్టిగా కట్టి రైలెక్కించాడు. అవి ఎవరు తిన్నారో దేవుడికి తెలియాలి. ఆ సినిమా ఏ ఊళ్ళో ఆడితే ఆ ఊళ్ళో నెత్తళ్ళ వాసనకు పిల్లులు హాలు చుట్టూ తిరిగాయని బావ మా పెళ్ళయ్యాక కూడా ఏళ్ళ తరబడి నన్ను ఏడిపించాడు.

ఆ తరువాత ఆ సినిమా మా వైపు మళ్ళీ రాలేదు. కానీ ఆ రెండు ఇళ్ళ మధ్య రాకపోకలు ఆగలేదు. వేట బాగా పడిన రోజున పిన్ని తట్టలో చేపలు పెట్టుకుని ఒడ్డు వెంటే నడిచి వచ్చేది, మా అమ్మ కొబ్బరికాయలూ పనసపండూ పంపేది. కలిసినప్పుడల్లా ఇద్దరూ ఆ కుర్రాడి గురించే చెప్పుకునేవాళ్ళు, వాడు వేసిన అడుగులు, వంచిన నడుము, తువ్వాలు కొస గాలికి ఎగిరిన తీరు. వినేవాళ్ళకు వాళ్ళు ఎవరి కొడుకు గురించి చెబుతున్నారో తెలిసేది కాదు, వాళ్ళకూ అవసరం లేకపోయింది.

కొన్నేళ్ళకు పిన్ని కొడుకు తిరిగి వచ్చాడు. పెద్దవాడై, గడ్డం పెంచుకుని, చేతిలో ఒక సూట్‌కేసుతో. ఆ కబురు పిన్ని కంటే ముందుగా మా ఊరు చేరింది. ఆ వేళ నేను పుట్టింట్లోనే ఉన్నాను, మొదటి కానుపుకు వచ్చాను. అమ్మ పైకి సంతోషపడుతూనే ఉంది, ఊళ్ళో అందరికీ తనే చెప్పింది, కానీ ఆ రోజంతా అన్నం ముట్టలేదు. ఆవిడ భయం నాకు తెలుసు. ఆ తాడు లాగినవాడు పిన్ని కొడుకే అని తేలితే, మా తమ్ముడు బతికున్నాడని చెప్పడానికి ఈ భూమ్మీద మా అమ్మ దగ్గర ఇంకేమీ మిగలదు.

మర్నాడు ఎండెక్కక ముందే పిన్ని ఒడ్డు వెంట నడిచి వచ్చింది. వాకిట్లో చేపలు తోముతున్న అమ్మ లేవలేదు, కత్తిపీట మీద నుంచి చూస్తూ ఉండిపోయింది. పిన్ని వచ్చి ఆ తడి నేల మీదే ఎదురుగా చతికిలబడి, ఆయాసం తీర్చుకుంటూ, "వాణ్ణి అడిగినానప్పా. ఆ సినిమా తీసిన రోజుల్ల మావోడు మద్రాసులనే నేడంట, పారాదీపు బోటు మీదున్నాడంట. ఆ తాడు మావోడు పట్టనేదు. అది మీవోడే, అప్పా" అంది. అమ్మ చేప వదిలేసి, ఆ పొలుసు చేతులతోనే పిన్నిని పట్టుకుని ఏడ్చింది. పిన్ని కూడా ఏడ్చింది. కొడుకు ఇంటికొచ్చినావిడ ఎందుకు అంతగా ఏడుస్తోందో నేను అప్పుడు ఆలోచించలేదు.

ఆ మాటతో అమ్మ చివరిదాకా బతికింది. అది అతిశయోక్తి కాదు. నాన్న ముందుగా పోయాడు, తరువాత ఆవిడకూ ఒళ్ళు నీరు పట్టి ఉద్దానం జబ్బే వచ్చింది, అయినా ఎవరైనా కొడుకు సంగతి అడిగితే, "మావోడు మద్రాసుల ఉన్నాడు, తాడు లాగతాడు, మంచి ఒళ్ళు సేసినాడు" అని చెప్పేది. తమ్ముడు రాలేదు. ఇవాళ్టి దాకా రాలేదు, కబురూ లేదు.

అమ్మ పెద్దకర్మ నాడు పిన్ని కొడుకు పొద్దుటి నుంచీ మా ఇంట్లోనే ఉండి నీళ్ళు మోశాడు, పందిరి వేశాడు, వడ్డించాడు, సొంత కొడుకు ఉంటే చేసే పనులన్నీ అడగకుండానే చేశాడు. అందరూ వెళ్ళాక గిన్నెలు సర్దుతుంటే నా దగ్గరికి వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. "అక్కా, ఆ సినిమాల తాడు లాగినోణ్ణి నానే" అన్నాడు. "నాను ఇంటికొచ్చిన రోజే మాయమ్మ అడిగింది, నానే అన్నాను. సంబరపడతాదనుకుంటే గుమ్మంల కూలబడిపోనాది. ఆయమ్మ కాడ ఇంకేటి నేదురా, ఈ మాట మళ్ళా నీ నోటంట రాకూడదని ఒట్టేయించుకుంది. ఇప్పుడు ఆయమ్మ నేదు, నువ్వు మాత్రం ఎన్నాళ్ళని తమ్ముడి కోసం ఆ బొమ్మని పట్టుకునుంటావని సెప్తన్నాను. మాయమ్మకి మాత్రం తెలవనీకు."

నిజం చెప్పొద్దూ, మొదట నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రి పిన్నినీ, వాడినీ, ఆ సినిమానూ, చూసి వచ్చిన మా ఆయననూ కూడా మనసులో తిట్టుకున్నాను, నా తమ్ముడు రెండోసారి రైలెక్కి వెళ్ళిపోయినట్టు అనిపించింది. తెల్లవారాక ఒడ్డుకు వెళ్ళి కూర్చున్నాను. అప్పుడు గానీ పిన్ని చేసిన పని నాకు అర్థం కాలేదు. కన్నకొడుకును ఏళ్ళకు ఏళ్ళు ఆ ఒక్క బొమ్మలోనే చూసుకుని మురిసిపోయిన మనిషి, అది నిజంగా తన బిడ్డేనని తేలిన రోజునే తీసుకొచ్చి మా అమ్మ ఒళ్ళో పెట్టేసి వెళ్ళింది. వాడు ఎదురుగా ఉండగా కూడా, నిన్ను సినిమాలో చూశానురా అని పదిమందిలో ఒక్కసారైనా చెప్పుకోలేదు. మా ఆయనకు ఈ సంగతి చెబితే, ఏ మాటకూ వెనకాడని ఆ మనిషి చొక్కా వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మా ఒడ్డున పెద్దవలలు లాగేవాళ్ళు తగ్గిపోయారు, పడవలను ట్రాక్టర్లు లాగేస్తున్నాయి, వెనక్కి నడవడం ఈ కాలపు పిల్లలకు రాదు, వాళ్ళకు అక్కర కూడా లేదు. వేరావల్ రేవుకు వెళ్ళినవాడైనా మద్రాసు వెళ్ళినవాడైనా సాయంత్రమయ్యేసరికి ఫోనులో తల్లికి మొహం చూపిస్తాడు, కూర ఏం వండుకున్నాడో కూడా చూపిస్తాడు, మొహం సరిగ్గా కనబడడం లేదు, ఫోను పైకి పట్టమని తల్లి తిడుతుంది. మంచిదే, మా అమ్మకు ఆ భాగ్యం ఉంటే నేను ఇంకేమీ కోరుకునేదాన్ని కాదు. కానీ కనిపించీ కనిపించని ఒక వీపును ఇద్దరు తల్లులు అన్నేళ్ళు పంచుకుని, చివరికి ఒకరు తన వాటా కూడా రెండో వాళ్ళకు వదిలేసుకోవడం, మళ్ళీ ఎక్కడైనా జరుగుతుందా అని మాత్రం అనిపిస్తుంది.

పిన్ని ఇంకా ఉంది. చూపు మందగించింది, చెవులు బాగానే పనిచేస్తాయి. నెలకో రెండు నెలలకో వెళ్ళి చూసి వస్తాను. వెళ్ళినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని ఆ సినిమా సంగతే ఎత్తుతుంది, "మీ తమ్ముడు ఎనక్కి నడిసి తాడు లాగతంటే ఎంత సక్కగున్నాడే అమ్మా" అంటుంది. పక్కనే వల బాగుచేసుకుంటున్న ఆవిడ కొడుకు తలెత్తడు. "అవును పిన్నీ, మావోడే కదా" అంటాను నేను.